మెటెల్కోవా నుంచి ఉద్దానం దాకా: రెండు రాత్రుల చరిత్ర

స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో రైల్వే స్టేషను నుంచి పది నిమిషాలు నడిస్తే మెటెల్కోవా అనే వీధి వస్తుంది. ఆ వీధి పక్కన పాత సైనిక బ్యారక్‌ల ఆవరణ ఒకటుంది. పగలు వెళ్తే పాడుబడ్డ గోడౌన్ల గుంపులా కనిపిస్తుంది. గోడల మీద చోటు మిగలకుండా బొమ్మలు, పగిలిన పెంకులు అతికించి చేసిన వింత జంతువులు, తుప్పు ఇనుముతో విగ్రహాలు, ఎవరో సగం చేసి వదిలేసినట్టున్న బెంచీలు. రాత్రి పది దాటాక అదే ఆవరణ కిటకిటలాడుతుంది. ఒక గదిలో పంక్ సంగీతం, పక్క గదిలో బొమ్మల ప్రదర్శన, బయట మెట్ల మీద బీరు సీసాలతో కుర్రకారు. 2024 సెప్టెంబరులో వారం రోజులు నేను ఆ ఊళ్ళో ఉన్నాను. మా మేనల్లుడు అక్కడ పరిశోధన చేస్తున్నాడు. కోట, నది, డ్రాగన్ వంతెన అన్నీ తిప్పి చూపించాక, "నీకు నచ్చేదింకోటున్నాది మావయ్యా, కానీ రాత్రేళ ఎల్లాల" అన్నాడు.

ఆ వీధి పేరు సంగతి ముందు చెప్పుకోవాలి. ఫ్రాన్ మెటెల్కో అని ఒక కాథలిక్ గురువు, వ్యాకరణవేత్త ఉండేవాడు. రోమన్ అక్షరాలు స్లొవీన్ భాషలోని శబ్దాలన్నిటికీ చాలడం లేదని 1825లో తన వ్యాకరణంతో పాటు కొత్త లిపి ఒకటి తెచ్చాడు. కొన్ని అక్షరాలు సిరిలిక్ పోలికలో ఉండేవి. పండితులు రెండు జట్లయ్యారు, కవులు వెక్కిరించారు, చివరికి 1833లో ఆ లిపిని బడుల్లో వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. లిపి పోయింది, వీధికి పేరు మిగిలింది. ఇది విన్నప్పుడు నాకు గిడుగు రామమూర్తి గుర్తుకు రావడంలో వింతేం లేదు. మా టెక్కలికి దగ్గర్లోని పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల మాట రాయడానికి, చదవడానికి దారి వేసినవాడు ఆయన. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. అక్షరాల కోసం కొట్లాడుకున్న చోట్లకి ఏదో చుట్టరికం ఉంటుందేమో.

బ్యారక్‌లు కట్టింది ఆస్ట్రో-హంగేరియన్ సామ్రాజ్యం, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. సామ్రాజ్యం పోయాక వచ్చిన ప్రతి సైన్యమూ వాటిని వాడుకుంది. ఆఖరున ఉన్నది యుగోస్లావ్ ప్రజాసైన్యం. 1990 నాటికే కళాకారులు, శాంతి ఉద్యమంవాళ్ళు, విద్యార్థులు, స్త్రీల సంఘాలు కలిసి 'మెటెల్కోవా కోసం నెట్‌వర్క్' అని ఒక కూటమి పెట్టుకున్నారు. సైన్యం వెళ్ళిపోతే ఆ జాగా మాకివ్వండి అని వాళ్ళ కోరిక. వాళ్ళలో చాలామందికి అసలు కొత్త దేశానికి సైన్యమే వద్దని ఉండేది. 1991 వేసవిలో పది రోజుల యుద్ధం జరిగి, ఆ తర్వాత కొన్ని నెలల్లో యుగోస్లావ్ సైన్యం వెళ్ళిపోయింది. నగరపాలక సంస్థ స్థలం ఇస్తాం అన్నట్టే అంది. కాగితాలు తిరిగాయి, ఏళ్ళు గడిచాయి. ఇంతలో 1993 సెప్టెంబరులో బుల్‌డోజర్లు వచ్చి చడీచప్పుడు లేకుండా కూల్చడం మొదలెట్టాయి. సంగతి తెలిసి సెప్టెంబరు 10న రెండొందల మంది దాకా లోపలికి వెళ్ళి కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు.

కరెంటు కట్ చేశారు, నీళ్ళు ఆపేశారు. అయినా ఆ మొదటి నెలల్లోనే కొవ్వొత్తుల వెలుగులో కచేరీలు, ఉపన్యాసాలు, నాటకాలు జరిగాయట. నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది. ఇప్పుడున్న రంగుల గోడలు, టూరిస్టు ఫొటోలు తర్వాతి ముచ్చట. అప్పుడు ఆ చోటుని నిలబెట్టింది రాత్రిపూట మనుషులు అక్కడ ఉండటమే. పగలు ఖాళీ చేస్తే రాత్రి కూల్చేస్తారు కదా. కాబట్టి రాత్రంతా మెలకువగా ఉండాలి. మెలకువగా ఉండాలంటే పాట ఉండాలి. మా ఊళ్ళో జాగారం చేసినవాళ్ళకి ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆవరణ దక్షిణం వైపు తర్వాత మ్యూజియంలు వచ్చాయి. 2011లో సమకాలీన కళల మ్యూజియం తెరిచారు. పాత సైనిక జైలుని 2003లో హాస్టల్‌గా మార్చారు. పేరు 'త్సెలిత్సా', అంటే ఖైదు గది. ఇరవై గదుల్లో ఒక్కోదాన్ని ఒక్కో కళాకారుల బృందం తీర్చిదిద్దింది. ఊచలు అలాగే ఉంచారు. డబ్బు కట్టి మరీ ఆ గదుల్లో పడుకుంటారు జనం. మావాడు ఉత్సాహంగా చూపిస్తుంటే నాకు మాత్రం ఒళ్ళు కొంచెం జలదరించింది. జైలు వసతిగృహం కావడం మంచిదే. అయితే జైలు జ్ఞాపకం ఇంకా తడిగా ఉన్న ప్రాంతం నుంచి వచ్చినవాడికి ఆ ఊచలు అంత సరదాగా కనపడవు.

అన్నీ దక్కలేదు కూడా. ఆవరణలో 'చిన్న బడి' అని పిలుచుకునే కట్టడాన్ని 2006లో నగరపాలక సంస్థ కూల్చేసింది. అదే ఏడాది ఊళ్ళో మరోచోట, మూతపడ్డ రోగ్ సైకిళ్ళ ఫ్యాక్టరీలో ఇలాగే యువకులు చేరారు. పదిహేనేళ్ళు ఉన్నారు. 2021 జనవరిలో, కరోనా మధ్యలో, గెంటేశారు. 2023లో అదే చోట నగరపాలక సంస్థ సొంత కళాకేంద్రం తెరిచింది. చక్కగా ఉంది, శుభ్రంగా ఉంది. సాయంత్రం అయితే తలుపులు వేసేస్తారు.

ఆ రాత్రి రెండింటిదాకా తిరిగాం. మావాడు బీరు తాగుతూ "మన వైపు ఇలాటిదేటీ లేదు కదా" అన్నాడు. వాడు పుట్టింది విశాఖపట్నంలో, సెలవులకి తప్ప రావివలస ఎరగడు. నేను అప్పుడేమీ అనలేదు. వాడికి చెప్పాల్సిందే ఇక్కడ రాస్తున్నాను. మన వైపు ఉండేది. అక్కడ సైన్యం ఖాళీ చేసిన చోటికి పాట వచ్చింది. మన దగ్గర పాట ఉన్న చోటికి పోలీసు క్యాంపులు వచ్చాయి.

రావివలస టెక్కలి దగ్గర ఊరు. బయటివాళ్ళకి ఎండల మల్లికార్జునస్వామి వల్ల తెలుసు. పెద్ద శివలింగం, పైన కప్పు లేదు. స్వామికి ఎండంటే ఇష్టం, గుడి కట్టి నీడ పడేలా చేస్తే ఊరికి కీడు జరుగుతుందని నమ్మకం. కార్తీక సోమవారాలు వచ్చాయంటే జనం పోటెత్తుతారు. ఊరి పేరులో 'వలస' ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల పేర్లలో ఈ మాట అడుగడుక్కీ తగులుతుంది. ఎవరో ఎక్కణ్ణించో వచ్చి దిగిన చోటని అర్థం. దేవుడికే కప్పు లేని ఊరు కనక, మా ఆటపాటలకి కప్పు కావాలని ఎవరికీ తోచలేదు. వీధే రంగస్థలం. అమ్మవారి సంబరం వస్తే తెల్లవార్లూ ఏదో ఒకటి ఆడాల్సిందే. యాదవులు రేకు గుళ్ళు రొమ్ముకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో తప్పెటగుళ్ళు ఆడేవారు. తూర్పు భాగవతం వాళ్ళు భామాకలాపం మొదలెడితే సత్యభామ జడ సంగతి తేలేసరికి కోడి కూసేది. గంజాం వైపు నుంచి చైత్రమాసంలో దండనాట. 1936 దాకా ఇదంతా గంజాం జిల్లాయే కదా, సరిహద్దు గీత పడ్డాక కూడా ఆటలు దాన్ని పట్టించుకోలేదు.

వీటన్నిటిలో నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నది జముకులకథ. జముకు అంటే చిన్న పీపా లాంటి వాయిద్యం. ఒకవైపు తోలు మూత. తోలు మధ్యలోంచి నరం తీగ లాగి, దాని కొస చిన్న పుల్లకి కడతారు. పీపాని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తీగ బిగిస్తూ వదులుతూ, రెండో చేత్తో మీటుతారు. బిగింపుని బట్టి ధ్వని పైకీ కిందకీ జారుతుంది. అది డప్పూ కాదు, తంబూరా కూడా కాదు. ఎవరో గొంతు పూడుకుపోయి పలుకుతున్నట్టు ఉంటుంది. ముందు కథకుడు, పక్కన వంతలు. అమ్మవార్ల కథలు, వీరుల కథలు పాడేవారు. మధ్యలో ఊళ్ళో పెద్దమనుషుల మీద చమత్కారాలు దొర్లేవి. కథ పేరుతో అంటే చెల్లిపోయేది, పగలు అంటే తన్నులు తప్పవు.

ఇక్కడ ఒకమాట. ఈ వీధిని స్వర్గంలా వర్ణించే వ్యాసాలు చాలా చదివాను, నాకవి రుచించవు. ఆడేవాళ్ళలో ఎక్కువమంది దళితులు, వెనకబడిన కులాలవాళ్ళు. ముందు వరసలో చాపలు ఎవరివో, వెనక నేల మీద ఎవరో ఊరందరికీ తెలుసు. ఆటకి మెచ్చి కొత్త పంచె కప్పే చెయ్యి, మర్నాడు అదే మనిషిని గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. 2020లో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' సినిమా ఈ సంగతి మీదే నడుస్తుంది. కళాకారుల కుటుంబంలో పుట్టిన అన్నదమ్ములు, వాళ్ళ కాళ్ళ గజ్జెలు, వాళ్ళ మీద షావుకార్ల పెత్తనం. సినిమాగా దాని లోటుపాట్లు దానికున్నాయి. కానీ గజ్జె కట్టినవాడికి ఊళ్ళో ఉన్న చోటేమిటో అది దాచలేదు.

రాత్రి వీధిలో జనం పోగవడమంటే ప్రభుత్వాలకి భయం కొత్తగా పుట్టలేదు. నాటక ప్రదర్శనల చట్టం 1876లోనే చేశారు. రాజద్రోహం అనిపించిన ఏ ఆటనైనా ఆపెయ్యొచ్చు. ప్రజానాట్యమండలివాళ్ళ 'మా భూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ 1876 చట్టాన్ని స్వతంత్ర భారతం తీరిగ్గా 2018లో గానీ రద్దు చెయ్యలేదు. మా ప్రాంతానికి ఇంకో లెక్క కూడా ఉంది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ తర్వాత రోజుల్లోనే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో గున్నమ్మ చనిపోయింది. ఉద్దానం పల్లెల్లో వీరగున్నమ్మ పేరు వినని మనిషి ఉండడు.

ఈ నేల మీదికే సుబ్బారావు పాణిగ్రాహి వచ్చాడు. ఒడియా బ్రాహ్మణ కుటుంబం, బొడ్డపాడులో శివాలయం అర్చకత్వం. పగలు పూజ, రాత్రి పాట. కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఆ ఊళ్ళో యువకులతో కలిసి నాటకాలాడాడు, కవిత్వం రాశాడు, పాటలు కట్టాడు. ఆయన చేసిన పెద్ద పని నా దృష్టిలో రాజకీయం కన్నా ముందు కళకి సంబంధించింది. జముకులకథ అనే పాత గిన్నెలో కొత్త కథ పోశాడు. గుళ్ళో మంత్రాలు చదివే మనిషి, తక్కువ కులాలవాళ్ళ చేతి వాయిద్యాన్ని తన చంకలో పెట్టుకున్నాడు. 1960ల్లో మా పల్లెల్లో ఇది చిన్న సంగతి కాదు. అమ్మవారి కథ వినడానికి కూర్చున్నవాళ్ళకి భూమి కథ, అప్పు కథ వినిపించాడు. కథనరీతి మారలేదు, వంతల పద్ధతి మారలేదు. అందుకే జనం లేచిపోలేదు.

ఆ తర్వాతి కాలం చాలామందికి తెలిసిందే, తొందరగా చెప్తాను. ఏజెన్సీలో గిరిజనులకి, షావుకార్లకి మధ్య ఎన్నాళ్ళుగానో రగులుతున్న తగువు 1967 అక్టోబరు 31న లేవిడిలో ఇద్దరు గిరిజనుల హత్యతో ముదిరింది. 1968 చివర్లో సాయుధపోరాటమైంది. ఉద్దానం యువకులు అందులో కలిశారు. 1969 మే 27న బొడ్డపాడుకి చెందిన పంచాది కృష్ణమూర్తితో సహా ఏడుగురు పోలీసుల చేతుల్లో చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో కృష్ణమూర్తి భార్య నిర్మల, సుబ్బారావు పాణిగ్రాహి, మరికొందరు చనిపోయారు. 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. వాళ్ళు ఎంచుకున్న దారి సరైందా కాదా అన్న చర్చ యాభై ఏళ్ళుగా నడుస్తోంది, నేనిక్కడ దానికి మరో పేజీ కలపను. నాకు కావలసింది ఆ ఏళ్ళలో రాత్రి ఏమైందన్నది.

జిల్లాలో చాలా భాగాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. పోలీసు క్యాంపులు దిగాయి. మా అమ్మ చెప్పేది: "సీకటడితే ఈది తలుపు తీసీవోలం కాదు. కుక్క మొరిగితే దీపం ఆర్పీసీవోలం." సంబరాలు పగటి పూటకి జరిగాయట. పగలు జముకులకథ ఎవరు చెప్తారు? ఎండలో కథకుడి మొహం కనిపిస్తుంది, వినేవాడి మొహమూ కనిపిస్తుంది. ఎవడు నవ్వాడో, ఎవడు కళ్ళు తుడుచుకున్నాడో అందరికీ తెలిసిపోతుంది. చీకట్లో కూర్చుని విన్నప్పుడు ఉండే ధైర్యం పోయింది. జముకు పట్టుకున్న ప్రతివాడూ అనుమానితుడే కనక కొందరు వాయిద్యాలు అటకెక్కించారు. మా తాతల తరంలో రావివలస వచ్చి కథ చెప్పిన ఒక జట్టు ఆ తర్వాత మళ్ళీ రానే లేదని అమ్మ అనేది. వాళ్ళకేమైందో కనుక్కునే ధైర్యం కూడా అప్పుడెవరికీ లేదు.

చిత్రమేమిటంటే పాట మాత్రం చావలేదు. ఊరు దాటి పోయింది. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభల్లో విద్యార్థులు రచయితలెటువైపని నిలదీయడం, జులై 4న హైదరాబాదులో విరసం పుట్టడం, 1972లో జననాట్యమండలి రావడం, వీటన్నిటి వెనకా శ్రీకాకుళం ఉంది. పార్వతీపురం వైపు నుంచి వచ్చి, విశాఖ షిప్‌యార్డులో పని చేసిన వంగపండు ప్రసాదరావు ఈ యాసని, ఈ ఊపుని తెలుగు దేశమంతటా తిప్పాడు. క్యాసెట్లలో, కాలేజీ సభల్లో, తర్వాత సినిమాల్లో మా పాట వినపడింది. మా వీధిలో వినపడలేదు. లుబ్లియానాలో చోటు దక్కింది కనక పాట దాని చుట్టూ పెరిగింది. ఉద్దానంలో చోటు పోయింది, పాట నెత్తిన మూట పెట్టుకుని వలసపోయింది. మా ఊరి పేరుకి తగినట్టే.

టీవీ వచ్చి జానపద కళల్ని చంపేసిందని అలవాటుగా అంటుంటారు. టీవీ వచ్చేసరికే మా దగ్గర వీధి సగం ఖాళీ అయింది. మొదట భయం ఖాళీ చేసింది, మిగిలింది కూలి ఖాళీ చేసింది. మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ పడవలెక్కారు. 2018లో పడవ సరిహద్దు దాటిందని పాకిస్తాన్ జైలుకెళ్ళి 2020 జనవరిలో తిరిగొచ్చినవాళ్ళలో మావాళ్ళున్నారు. తోటలున్నవాళ్ళు నిలదొక్కుకుంటారనుకుంటే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్టు కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పు అన్నాళ్ళు ఆగదు. వంత పాడాల్సిన కుర్రాడు చెన్నైలో వెల్డింగు చేస్తున్నాడు, గల్ఫులో పైపులు బిగిస్తున్నాడు. కథకి కనీసం ముగ్గురుండాలి. ముగ్గురూ ఒకే రోజు ఊళ్ళో ఉండటం సంక్రాంతికే.

మెటెల్కోవాని నేను ఆదర్శంగా చూపించడం లేదు. అక్కడా ఇప్పుడు శుక్రవారం రాత్రి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి 1993 సంగతి పట్టదు. గంజాయి వాసన ఉంది, వాంతులున్నాయి, టూరిస్టు బస్సు గైడు జెండా ఉంది. స్థలం మీద పూర్తి హక్కు పత్రాలు ఎన్నడూ చేతికి రాలేదు, ప్రభుత్వం చూసీ చూడనట్టు వదిలేసింది, అంతే. కానీ ఆ చూసీ చూడకపోవడం ముప్పై ఏళ్ళు సాగింది. రాత్రి పన్నెండింటికి అక్కడ పాడేవాణ్ణి నువ్వెవరు, ఎందుకు పాడుతున్నావని పోలీసు అడగడు. ప్రతి సెప్టెంబరులోనూ ఆ చోటుకి పుట్టినరోజు చేసుకుంటారు. మా జముకుకి పుట్టినరోజు లేదు. సాంస్కృతిక ఉత్సవాల్లో వేదికెక్కిస్తారు, ఇరవై నిమిషాలిస్తారు, శాలువా కప్పుతారు. ఆరు గంటల కథని ఇరవై నిమిషాలకి నరికితే మిగిలేది జముకు చప్పుడే.

తిరిగొచ్చాక ఆ కార్తీకంలో రావివలస వెళ్ళాను. పక్క పల్లెలో ఒక పెద్దాయన ఇంకా జముకు వాయిస్తాడని తెలిసి కలిశాను. డెబ్బై దాటాయి. తోలు ఎలుక కొరికితే కొత్తది వేయించుకున్నాడు. కొడుకు, మేనల్లుడు పండక్కి వస్తే జట్టు కుదురుతుందన్నాడు. "మరి రాత్రంతా చెప్తారా?" అని అడిగాను.

"ఇప్పుడు రాత్రేటి బావూ. పది కొట్టీసరికి ఆపీయమంటారు."

ఆయనకి ఎవరు చెప్పారో గానీ, తప్పు చెప్పలేదు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు వాడకూడదు. 2010 సవరణతో ఆ జాబితాలోకి సంగీత వాయిద్యాలు కూడా వచ్చాయి. మూసిన గదుల్లో అయితే పరవాలేదు. పండగలకి ప్రభుత్వం ఇచ్చే సడలింపు అర్ధరాత్రి దాకానే, అదీ ఏడాది మొత్తం మీద పదిహేను రోజులు మించకుండా. రోగులు, పిల్లలు, పరీక్షలకి చదువుకునేవాళ్ళు ఉన్న చోట డీజే పెట్టెలకి ఈ నిబంధన అవసరమే. ఆ పెట్టెల పక్కన చంకలో ఇమిడే జముకు కూడా అదే కట్టులో పడింది. నేనిది వివరిస్తే ఆయన కాసేపు ఆలోచించాడు.

"మూసిన గదంటే? బడి గదా?"

అవునన్నాను. బడి గదిలో ఎంతమంది పడతారు అని తనలో తనే లెక్క వేసుకున్నాడు. నలభై మంది, బెంచీలు తీసేస్తే అరవై. తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కోవాలన్నాడు. అది కుదరకపోతే సాయంత్రం ఆరింటికే వీధిలో మొదలెట్టి పదికల్లా ముగించాలి. అంటే నాలుగు గంటలు. తనకి వచ్చిన కథల్లో ఆ నాలుగు గంటల్లో ఏది పడుతుందో, దేనికి ముందుమాట తీసెయ్యొచ్చో వేళ్ళు మడిచి చెప్పడం మొదలెట్టాడు.